అమ్మణ్ణి పంతొమ్మిదేళ్ళు మెచ్చుకున్న కేకు

మండపేటలో బెల్లం కొట్టు వెంకటసుబ్బారావు గారి భార్య అమ్మణ్ణికి రెండు విషయాల్లో మంచి పేరుంది. మొదటిది, ఆ ఇంటికి వచ్చిన గిన్నె ఏదీ ఖాళీగా వెనక్కి వెళ్ళదు. మీరు పులిహోర పంపితే ఆ గిన్నెలో సున్నుండలు వస్తాయి. మాగాయ పంపితే అరిసెలు వస్తాయి. ఇంట్లో ఏమీ లేని రోజున గుప్పెడు పంచదారైనా వస్తుంది. రెండోది ఆవిడ మెచ్చుకోలు. అందరూ "బావుందండీ" అనేసి ఊరుకుంటారు. అది మెచ్చుకోవడం ఎలా అవుతుంది, దులిపేసుకోవడం అవుతుంది గానీ! అమ్మణ్ణి అలా కాదు. "ఇంగువ నూనెలో పొంగించి వేశారు కదూ? అదీ పులిహోరంటే!" అంటుంది. వండినావిడ ఆ మాట నెల రోజులు తలుచుకుంటుంది. అందుకే వీధిలో ఎవరు కొత్త వంట చేసినా మొదటి గిన్నె అమ్మణ్ణికే వెళ్తుంది.

అంత పేరున్న నాలుక ఒకే ఒక్క వంటను మాత్రం రుచి చూడకుండానే పంతొమ్మిదేళ్ళుగా మెచ్చుకుంటూ వచ్చింది. అది పక్కింటి దీనమ్మగారి క్రిస్మస్ కేకు.

దీనమ్మగారు గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, డ్యూటీలు కుదర్లేదండీ అని చెప్పేవారు. ట్రైనింగులో ఉన్నప్పుడు ఒక ముసలి మేట్రనమ్మ దగ్గర నేర్చుకున్న అరటిపండు కేకు ప్రతి క్రిస్మస్‌కీ చేసి, పద్నాలుగు ఇళ్ళకు పంచడం ఆవిడ అలవాటు. కేకంటే పైన క్రీము పూసి గులాబీలు పెట్టేది కాదు. చూడడానికి రొట్టెలా ఉంటుంది. పులియబెట్టే పని లేదు, పొంగేదాకా కాపలా కూర్చునే పనీ లేదు. తొక్క నల్లబడిన అరటిపళ్ళు చిదిమి, బెల్లం, మైదా, వంటసోడా కలిపి ఓవెన్లో పెడితే గంటలో అయిపోతుంది. బెల్లం మాత్రం వెంకటసుబ్బారావు గారి కొట్లోదే. ముదురు రంగుది కావాలని అడిగి మరీ తీసుకెళ్ళేవారు.

ఆవిడ ఆ ఇల్లు కొనుక్కుని వచ్చిన ఏడే, అంటే రెండువేల ఆరులో, క్రిస్మస్ రోజు పొద్దున్నే అల్లిక గుడ్డ కప్పిన పళ్ళెంతో అమ్మణ్ణి గుమ్మంలోకి వచ్చారు. అప్పటికి అమ్మణ్ణి అత్తగారు ఉన్నారు. పళ్ళెం తెచ్చినావిడ గేటు దాటీ దాటకముందే పెద్దావిడ, "కేకులో గుడ్డుంటుందే, లోపలికి తేకు" అన్నారు. అమ్మణ్ణి పళ్ళెం వరండాలో పిట్టగోడ మీద పెట్టి నిలబడింది. పండగపూట వచ్చినదాన్ని పారెయ్యడానికి మనసొప్పలేదు. సరిగ్గా అప్పుడే కొట్లో బెల్లం బుట్టలు మోసే చిట్టియ్య క్యారేజీ కోసం వచ్చాడు.

"తింటావా చిట్టియ్యా?"

"ఆయ్" అన్నాడు. అనడం, తినడం, చేతులు నాక్కోవడం ఒక్కసారే అయిపోయాయి.

"ఎలా ఉంది?"

"దూదిలాగుందండి. యాలక్కాయ వాసన చేతికి కూడా అంటుకుపోయిందండి."

సాయంత్రం నాలుగింటికి ప్రహరీ గోడ అవతల నుంచి దీనమ్మగారు, "ఎలా ఉందండీ మా కేకు?" అని అడిగారు. ఊరికే బావుందండీ అని ఊరుకుంటే పోయేదానికి, అమ్మణ్ణి నోరు ఊరుకుంటుందా? "దూదిలా ఉందండీ! యాలకుల వాసన చేతికి కూడా అంటుకుంది" అనేసింది. దీనమ్మగారి మొహం వెలిగిపోయింది. ఇంక వెనక్కి తీసుకోవడం ఎలా?

గుడ్డుందా అని అడిగేస్తే పోయేది కదా అంటారేమో. అయితే మీరు మా వైపు వాళ్ళు కాదన్నమాట. పండగపూట పళ్ళెం పట్టుకొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి, అందులో ఏం వేశారండీ అని ఆరా తీస్తారా ఎవరైనా! పోనీ అత్తగారు పోయాక తినొచ్చు కదా అంటారా? అత్తగారు పోతే కేకులో గుడ్డు కూడా పోతుందటండీ?

అలా అదొక ఏర్పాటైపోయింది. ఇరవై ఐదో తారీఖు పొద్దున్న పళ్ళెం వస్తుంది. పదింటికి చిట్టియ్య తింటాడు. తిన్నాక అతను చెప్పింది అమ్మణ్ణి శ్రద్ధగా వింటుంది. నాలుగింటికి గోడ దగ్గర అది తన భాషలో పెట్టి అప్పజెబుతుంది. పళ్ళెం నిండా అరిసెలో, జంతికలో పెట్టి మర్నాడు తిరిగి పంపుతుంది. ఒకే ఒక్క ఏడు చిట్టియ్య జ్వరమొచ్చి కొట్టుకు రాలేదు. కేకు పూలమ్మే అమ్మాయికి ఇచ్చేసి, ఆ ఏడు అమ్మణ్ణి సొంతంగా కల్పించుకుంది. "జీడిపప్పు భలే తగిలిందండీ ఈసారి!" అంది. దీనమ్మగారు ఒక్క క్షణం ఆగి, "అలాగా" అని నవ్వారు. మెచ్చుకోలుకు మురిసిపోయారు కాబోలనుకుని అమ్మణ్ణి ఇంట్లోకొచ్చి నిశ్చింతగా కాఫీ పెట్టుకుంది.

గోడకు అటొక స్టూలు, ఇటొక స్టూలు. రోజూ నాలుగు నుంచి ఐదున్నర దాకా ఇద్దరూ అక్కడే. అమ్మణ్ణికి వీధినిండా తెలిసినవాళ్ళే గానీ, మనసులో మాట చెప్పుకోవడానికి ఉన్నది దీనమ్మగారొక్కరే. అత్తగారు మంచాన పడ్డ ఆరు నెలలూ, పిలవకుండానే వచ్చి ఇంజెక్షన్లు చేసి, పక్క మార్చి వెళ్ళింది ఆవిడే. చివర్లో పెద్దావిడ, "ఆ దీనమ్మ వచ్చిందా?" అని అడిగి, వచ్చిందంటేనే కళ్ళు మూసుకునేవారు.

మొన్న డిసెంబరు మొదటి వారంలో దీనమ్మగారు తడి మెట్ల మీద జారి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు ఉంచాలన్నారు. మూడో రోజు సాయంత్రం ఆ కట్టు చెయ్యి గోడ మీద ఆనించి, "ఈ ఏడు కేకులు మానేద్దామనుకుంటున్నానండీ" అన్నారు.

"మానెయ్యడమేంటండీ, నేను లేనూ? నేను కలుపుతాను, మీరు కుర్చీలో కూర్చుని చెప్పండి!"

ఇలాంటి మాటలు అమ్మణ్ణి నోట్లోంచి ఆవిడను అడక్కుండానే బయటికి వచ్చేస్తాయి. దీనమ్మగారు ఎంతో సంతోషించి, "అదే అడుగుదామా వద్దా అనుకుంటున్నానండీ. కలిపేదీ మీరే, రుచి చూసేదీ మీరే. పంతొమ్మిదేళ్ళుగా నా కేకు రుచి మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు చెప్పండి? కొంచెం నోట్లో వేసుకుని, దీనమ్మ కేకు ఇదేనని మీరంటేనే పద్నాలుగు ఇళ్ళకూ పంపుదాం" అన్నారు.

ఆ సాయంత్రం ఐదున్నర కాకుండానే అమ్మణ్ణి స్టూలు మీంచి లేచింది.

ఆ రాత్రి అన్నం సహించలేదు. నోట్లో పెట్టుకుందామంటే పుట్టి బుద్ధెరిగాక గుడ్డు ముట్టిన పాపాన పోలేదు. పెట్టుకోనంటే పంతొమ్మిదేళ్ళ భాగోతం బయటపడుతుంది. ఇన్నేళ్ళూ నా మొహం మీదే అబద్ధాలాడావా, నేను చేసింది తినడానికి పనికిరాలేదా అని ఆవిడ అనుకుంటే? ఆ స్టూలు ఇంట్లోకి తీసేస్తే? భర్తకు చెప్పుకుంటే ఆయన పేపరు దించకుండానే, "అంతమందిని మెచ్చుకోమని నీకెవరు చెప్పారే?" అన్నారు. మగవాళ్ళకు చెప్పుకుంటే వచ్చేది ఇదే.

మర్నాడు క్యారేజీతో తనే కొట్టుకు వెళ్ళి చిట్టియ్యను గోతాల వెనక్కి పిలిచింది.

"చిట్టియ్యా, దీనమ్మగారి కేకు ఎలా ఉంటుందో బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు."

చిట్టియ్య తల గోక్కున్నాడు. "కేకులాగుంటాదండి."

"అది నాకూ తెలుసు. రుచి చెప్పు, రుచి!"

"తియ్యగుంటాదండి."

ఇన్నేళ్ళూ వాసనలతో సహా వర్ణించినవాడు, అవసరం పడేసరికి ఇలా తయారయ్యాడు. అమ్మణ్ణి పళ్ళు కొరుక్కుంటూ లేవబోతుంటే, "అయినా అమ్మగారూ, మీకిచ్చిందొకలాగుంటాది, ఆవిడ మాకిచ్చిందొకలాగుంటాదండి. మీదే బావుంటాది. కొంచెం పుల్లగా తగులుద్ది" అన్నాడు. ఏం తోచక ఏదో ఒకటి అంటున్నాడులే అనుకుని అమ్మణ్ణి ఆ మాట పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే నాలుగు రాత్రుల నిద్రయినా మిగిలేది.

ఇరవై రెండో తారీఖు పొద్దున్న తొమ్మిదింటికి, తలస్నానం చేసి, ఒక మంచి సాకు సిద్ధం చేసుకుని దీనమ్మగారింటికి వెళ్ళింది. వెళ్తూనే, "అన్నట్టు చెప్పడం మర్చిపోయానండీ. ధనుర్మాసం కదా, నెల రోజులూ బయట ఏమీ నోట్లో పెట్టకూడదని నియమం పెట్టుకున్నాను" అంది.

దీనమ్మగారు కుర్చీలో కూర్చుని కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నారు. "అలాగా అండీ. మొన్న శనివారం గోడ దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నారు కదూ, బండి మీదవి?"

అమ్మణ్ణి నాలుక కరుచుకుంది. ఆ బజ్జీలు తెప్పించింది తనే. మూడు తిని, నాలుగోది దీనమ్మగారి దగ్గర అడిగి మరీ తీసుకుంది. ఇంక నీళ్ళు నమిలి లాభం లేదనుకుని కొంగు నడుముకు బిగించింది.

"సరేనండీ, కానివ్వండి. గుడ్లెక్కడున్నాయో చెప్పండి."

"గుడ్లా? గుడ్లెందుకండీ? ముందు ఆ అలమారు పై అరలో తెల్లగుడ్డ మూట ఉంటుంది, అది దింపండి."

మూట విప్పితే లోపల ఒక స్టీలు బేసిను, ఒక చెక్క గరిటె, పొడుగాటి కేకు డబ్బా ఒకటి. బేసిను అంచు మీద పేరు చెక్కి ఉంది. అమ్మణ్ణి కళ్ళజోడు సర్దుకుని చదివింది. అమ్మణ్ణి! తన పేరే!

ముందు ఆవిడకు కలిగింది పట్టరాని ఆనందమని చెప్పక తప్పదు. హమ్మయ్య, దొరికిపోయారు! అంటే తన గిన్నె ఎప్పుడో ఈ ఇంటికి వచ్చి, తిరిగి రాకుండా ఇక్కడే ఉండిపోయిందన్నమాట. ఇంత మర్యాద తెలిసిన దీనమ్మగారు కూడా గిన్నె వెనక్కివ్వడం మర్చిపోయారన్నమాట! తన తప్పుకు జోడీగా అవతల కూడా ఒక తప్పు దొరికినందుకు మనసు తేలికపడి, "ఇది మా ఇంటిది కదండీ, ఎప్పుడొచ్చిందో..." అంటూ బేసినును వెలుతురులోకి తిప్పింది. అప్పుడు మిగతా అక్షరాలు కనిపించాయి.

అమ్మణ్ణిగారు. 12-2006.

గారు! తన గిన్నె మీద తనకే ఎవరైనా గారు చెక్కించుకుంటారా? వెంకటసుబ్బారావు గారింట్లో అరవై గిన్నెలున్నాయి, ఒక్కదాని మీద గారు లేదు. అది వేరే ఎవరో, తన కోసం, తన మీద గౌరవంతో చెక్కించిన గిన్నె.

"అది మీదేనండీ, కానీ మీ ఇంటిది కాదు" అన్నారు దీనమ్మగారు. "వచ్చిన కొత్తలో మీ అత్తగారి పట్టింపు తెలుసుకున్నాను. అందుకే మీ కేకుకు విడిగా సామాను కొన్నాను. ఇందులో గుడ్డు పడలేదు ఏనాడూ. గుడ్డు బదులు పెరుగు వేస్తాను. మిగతావాళ్ళవి మొదలుపెట్టకముందే, ఓవెన్ కడిగి మీది చేసేస్తాను. చెక్కేవాడు పేరేం వెయ్యమంటారని అడిగితే, గారు కూడా వెయ్యమన్నాను. అక్షరానికి ఇంతని ఎక్కువ తీసుకున్నాడనుకోండి!"

"మరి... చెప్పలేదేంటండీ?"

"ఏమని చెప్పను? మీ కోసం ఇలా ప్రత్యేకంగా చేశానండీ అని చాటింపు వేసుకోనా? అయినా ఆ సాయంత్రం గోడ దగ్గర చెబుదామనే అనుకున్నాను. ఈలోగా మీరు దూదిలా ఉందండీ అనేశారు. తిన్నారు కదా, ఇంక చెప్పడమెందుకని ఊరుకున్నాను."

అమ్మణ్ణి స్టూలు మీద కూలబడింది. అడిగితే మర్యాద కాదని ఈవిడా, చెప్పుకుంటే మర్యాద కాదని ఆవిడా. మా వైపు మర్యాదలో పంతొమ్మిది కేకులు చిట్టియ్య కడుపులోకి పోయాయి చూడండి! తన ఇంటి నుంచి ఏ ఏడూ ఆ పళ్ళెం ఖాళీగా వెళ్ళలేదని అమ్మణ్ణి ఎంత గర్వపడేదో. నిండుగా పంపాననుకున్న ఆ పళ్ళాలన్నీ నిజానికి ఖాళీగానే వెళ్ళాయని ఇప్పుడు తెలిసి, సిగ్గుతో ఆవిడకు తలెత్తబుద్ధి కాలేదు.

"దీనమ్మగారూ" అంది, బేసిను ఒళ్ళో పెట్టుకుని. "నేనొక మాట చెప్పాలి. చెప్పాక నన్ను వెళ్ళిపొమ్మన్నా వెళ్ళిపోతాను. నేను మీ కేకు ఏనాడూ తినలేదు. ఒక్క ముక్క కూడా. చిట్టియ్య తిని చెబితే, అది మీకు చెప్పేదాన్ని." చెబుతూనే ఏడ్చేసింది.

దీనమ్మగారు ఎడమ చేత్తో తన రుమాలు అందించారు. "తెలుసండీ."

"తెలుసా!"

"ఒకసారి జీడిపప్పు భలే తగిలిందన్నారు. ఆ ఏడు నేను జీడిపప్పే వెయ్యలేదు. తర్వాత చిట్టియ్యను కదిపితే మొత్తం చెప్పేశాడు, పాపం. అతనికేం తెలుసు, దాచాలని!"

అమ్మణ్ణి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. అది పదకొండేళ్ళ కిందటి మాట. సిగ్గు కాస్తా వెనక్కి తగ్గి ఆశ్చర్యం ముందుకొచ్చింది.

"అంటే పదకొండేళ్ళుగా... నేను తిననని తెలిసి కూడా, ఈ గిన్నె దింపి, ఓవెన్ కడిగి, పెరుగు వేసి చేశారా? ఎవరు తింటారని? చిట్టియ్యకు గుడ్డయితే ఏంటి, పెరుగయితే ఏంటి?"

"మీకు ఏదో ఒక ఏడు తినాలనిపిస్తుందేమోనని" అన్నారు దీనమ్మగారు. "ఆ రోజున అందులో గుడ్డుంటే ఎలాగండీ?"

అమ్మణ్ణి బేసిను అంచు మీది అక్షరాలను కొంగుతో తుడిచింది. దీనమ్మగారు, "లేవండి మరి, అరటిపళ్ళు నల్లబడి మూడు రోజులైంది. ఈ ఏడు పద్నాలుగు ఇళ్ళకూ మీ కేకే. కట్టు చేత్తో గుడ్లు నేనెలాగూ కొట్టలేను" అన్నారు.

పెరుగులో సోడా వేస్తే బుస్సున పొంగింది. చిదిమిన పళ్ళూ, కరిగిన బెల్లమూ పోసి, మైదా జల్లించి, యాలకుల పొడి వేసి, అమ్మణ్ణి గరిటె అందుకుంది. అందుకోవడమే తరువాయి, గిలక్కొట్టడం మొదలుపెట్టింది.

"ఆగండాగండి! గారెల పిండి కాదది! అంత కొడితే రాయైపోతుంది. పిండి కనపడకుండా పోయేదాకా నాలుగు తిప్పులు తిప్పి వదిలెయ్యాలి."

"ఇంత నిర్లక్ష్యంగా చేస్తే అదేం వంటండీ?"

"ఈ వంటంతేనండీ, వదిలేస్తేనే బావుంటుంది."

గంటకు ఇల్లంతా బెల్లం వాసన. దీనమ్మగారు చెప్పినట్టు సన్నపుల్ల గుచ్చి చూస్తే తడి అంటకుండా వచ్చింది. చల్లారాక అమ్మణ్ణి అంచు ముక్క కోసి, కళ్ళు మూసుకుని నోట్లో వేసుకుంది. దూదిలాగే ఉంది. యాలకుల వాసన నిజమే. వెనకాల ఎక్కడో పెరుగు పులుపు సన్నగా తగిలింది. చిట్టియ్య ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు. ఆ రుచి తన పేరు మీద ఇన్నేళ్ళూ తయారవుతూనే ఉందని తలుచుకునేసరికి మళ్ళీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎలా ఉందండీ?" అని అడిగారు దీనమ్మగారు. గోడ దగ్గర అడిగినట్టే అడిగారు.

అమ్మణ్ణి నమిలి, మింగి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"తీపెక్కువైందండీ. బెల్లం పావు వంతు తగ్గించాలి."

దీనమ్మగారు కట్టు చెయ్యి కదులుతోందని కూడా చూసుకోకుండా పగలబడి నవ్వారు. "పంతొమ్మిదేళ్ళకు ఒక్క వంక పెట్టారండీ తల్లీ! తగ్గించండి, తగ్గించండి. ఇంకా పదమూడు చెయ్యాలి!"

క్రిస్మస్ రోజు పదింటికి చిట్టియ్య అలవాటు ప్రకారం అమ్మణ్ణి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. వీధిలో కేకుల పంపకం పొద్దున్నే అయిపోయింది. అమ్మణ్ణి అతనికి ఒక నిండు పొట్లం ఇచ్చింది. అతను అది చేత్తో తూచి చూసుకుని, ఇంకా కదలకుండా, "ఎప్పుడూ మీకు పళ్ళెంలో వచ్చేదేదండి?" అన్నాడు.

"అది నేను తినేశాను."

చిట్టియ్య నమ్మలేనట్టు చూశాడు. తర్వాత, ఇన్నేళ్ళూ తనను అడిగిన మాటే ఆవిడను అడిగాడు. "ఎలాగుందండి?"

యాలకులూ, పెరుగూ, తగ్గించిన బెల్లమూ అన్నీ అమ్మణ్ణి నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ అన్నది ఒక్కటే మాట.

"బావుంది చిట్టియ్యా" అంది.